రాగి మీద బతికే దేశం: చిలీ ఉత్తరాన ఒక ప్రయాణం

సోమవారం, శాంతియాగో

చిలీ వెళ్తున్నానని చెప్తే మా ఊళ్లో చాలామంది అడిగింది ఒకటే, అంత దూరం పోయి ఏం చూస్తావని. గనులు చూస్తానంటే నమ్మలేదు. మాది రైల్వే కోడూరు వైపు. మంగంపేట ముగ్గురాయి లారీలు రోడ్డు మీద పోతుంటే చూస్తూ పెరిగాను. ఆ రాయి పొడి అయ్యి, ఓడలెక్కి, పరాయి దేశాల చమురు బావుల్లోకి పోతుందని పెద్దయ్యాక తెలిసింది. నేలలో ఉన్నది తవ్వి అమ్ముకునే ఊరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. దేశం దేశమే అలా బతికితే ఆ డబ్బు ఎవరికి చేరుతుంది, ధర పడిన ఏడాది ఏం చేస్తారు అన్నది చూడాలని చాలా ఏళ్లుగా కోరిక. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద శాంతియాగోలో ఉంటున్నాడు. "మామా, నేనిక్కడ ఉండగానే రా" అన్నాడు. 2025 అక్టోబరులో బయల్దేరాను.

అధ్యక్ష భవనం లా మొనెదా ముందున్న చౌరస్తాలో నిలబడితే చిలీ డబ్బు వ్యవహారమంతా నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. ఒక పక్క ఆర్థిక శాఖ, ఇంకో పక్క కేంద్ర బ్యాంకు, ఒక వీధి దాటితే కోడెల్కో ప్రధాన కార్యాలయం. కోడెల్కో ప్రభుత్వ రాగి కంపెనీ. 2024లో ఒక్క ఆ కంపెనీయే 13 లక్షల టన్నులకు పైగా రాగి తీసింది. ప్రైవేటు గనులు కూడా కలిపితే దేశం ఏటా తీసేది 50 లక్షల టన్నుల పైమాటే. ప్రపంచంలో తవ్వే రాగిలో దాదాపు నాలుగో వంతు ఇక్కడిదే. దేశం ఎగుమతుల ఆదాయంలో ఇంచుమించు సగం దీనిదే. జనాభా చూస్తే రెండు కోట్ల లోపు.

చౌరస్తా మూల ఒకప్పటి అధ్యక్షుడు సాల్వడార్ అయెండే విగ్రహం ఉంది. రాగి చిలీకి జీతం లాంటిదని అనేవాడాయన. 1971 జులై 11న గనుల జాతీయీకరణ పార్లమెంటు ముందుకొస్తే ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. అనకొండా, కెన్నెకాట్ అనే అమెరికా కంపెనీల వాటాలు ప్రభుత్వానికి వచ్చేశాయి. అప్పటిదాకా వాళ్లు హద్దు మీరి తీసుకున్న లాభాలను లెక్కగట్టి మినహాయిస్తే ఇవ్వాల్సిన పరిహారం ఏమీ లేదని తేల్చారు. రెండేళ్లు తిరిగేసరికి, 1973 సెప్టెంబరు 11న, సైన్యం తిరగబడింది, చిలీ వైమానిక దళమే లా మొనెదా మీద బాంబులు వేసింది. అయెండే లోపలే చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన సైనిక నియంత పినోచెట్ ప్రభుత్వం కనపడిన ప్రతిదీ ప్రైవేటుకిచ్చింది, పింఛన్లతో సహా. కోడెల్కోని మాత్రం అమ్మలేదు. దానికి చెప్పుకునే కారణాల్లో ఒకటి, కోడెల్కో ఎగుమతుల్లో 10 శాతం సైన్యం ఆయుధాల ఖర్చుకి నేరుగా వెళ్లే చట్టం. లాభంలో 10 శాతం కాదు, అమ్మకాల్లో 10 శాతం. ఆ చట్టం 2019 దాకా నడిచింది. రాగి ధర బాగున్న ఏడాది దేశంలో బళ్లకు డబ్బుందో లేదో గానీ సైన్యానికి మాత్రం వద్దన్నా వచ్చిపడేది.

సాయంత్రం భోజనం దగ్గర మేనల్లుడు తన గొడవ చెప్పాడు. లండన్‌లో రాగి ధర తగ్గితే ఇక్కడ పెసో తగ్గుతుంది, తను ఇంటికి పంపే డబ్బు రూపాయల్లో తగ్గుతుంది. "ఇక్కడ టీవీ వార్తల్లో డాలరు రేటుతో పాటు రాగి రేటు కూడా చెప్తారు మామా, మనకి బంగారం రేటు చెప్పినట్టు" అన్నాడు. ఆ వారం ధర టన్నుకి 10,000 డాలర్లు దాటి ఉంది. ఎన్నికల కాలం. గోడల మీద పోస్టర్ల నిండా శాంతిభద్రతలు, వలసలు. ధర బాగున్నప్పుడు రాగి గురించి ఎవరూ మాట్లాడరేమో అనిపించింది.

ధర బాగున్నప్పుడే మాట్లాడినవాళ్లు చిలీలో ఉన్నారు. ఇంత దూరం రావడానికి నాకు ముఖ్య కారణం ఆ కథే. 2001 నుంచి చిలీ ఒక నియమం పెట్టుకుంది. బడ్జెట్ వేసేటప్పుడు ఈ ఏడాది రాగి ధర ఎంతుందో చూడకూడదు. ప్రభుత్వంతో సంబంధం లేని నిపుణులు కొందరు కూర్చుని, రాబోయే పదేళ్లకి సగటున ఎంత ఉండొచ్చో విడివిడిగా అంచనా వేస్తారు. ఖర్చు దాన్నిబట్టే. ధర అంచనాకి మించితే మిగులు దాచాలి, తగ్గితే దాచింది తీసుకోవచ్చు. 2006లో దీన్ని చట్టం చేశారు. సరిగ్గా అప్పుడే చైనా కొనుగోళ్లతో ధర ఎగబాకింది. 2003లో పౌను బరువు రాగి 80 సెంట్లు ఉన్నది 2006లో 3 డాలర్లు దాటింది. డబ్బు వరదలా వస్తోంది. విద్యార్థులు రోడ్డెక్కారు, ఉద్యోగులు జీతాలు పెంచమన్నారు, అధికార కూటమివాళ్లే ఖర్చు పెట్టమని ఒత్తిడి చేశారు. ఆర్థిక మంత్రి ఆంద్రెస్ వెలాస్కో ఒప్పుకోలేదు. ఊరూరా తిట్లు తిన్నాడు. 2008 జులైలో 8,500 డాలర్లకు పైనున్న టన్ను రాగి డిసెంబరు నాటికి 3,000 దగ్గరికి కూలిపోయింది. అప్పటికి అలా దాచిన స్థిరీకరణ నిధిలో దాదాపు 2,000 కోట్ల డాలర్లున్నాయి. 2009లో అందులోంచి 400 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించారు. పేద కుటుంబాలకు చేతికి డబ్బిచ్చారు. తిట్లు తిన్న మంత్రే ఆ ఏడాది సర్వేల్లో అందరికంటే ముందు నిలిచాడు.

ఈ మధ్య ఆ క్రమశిక్షణ సడలింది. కోవిడ్ కాలంలో నిధి చాలావరకు కరిగిపోయింది, లోటు లక్ష్యాలు తప్పుతున్నాయి. అయినా ఆదాయం వచ్చిన రోజే ఖర్చు పెట్టకుండా ఆగగలిగిన దేశాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు. ఆ ఆగడం ఎక్కడ నేర్చుకున్నారో బుధవారం చూస్తాను.

మంగళవారం, శాన్ ఆంటోనియో

వల్పరైసో కొండల మీద రంగురంగుల ఇళ్లు అందంగానే ఉన్నాయి. నాకు మాత్రం దక్షిణంగా ఉన్న శాన్ ఆంటోనియో రేవు చూడాలని తొందర. 1914లో పనామా కాలువ తెరవక ముందు ఖండం చుట్టూ తిరిగి వచ్చే ప్రతి ఓడా వల్పరైసోలో ఆగేది. ఇప్పుడు కంటైనర్ల పని ఎక్కువగా శాన్ ఆంటోనియోదే.

రేవులో ఎక్కేవి, దిగేవి చూస్తే దేశం వ్యాపారమంతా తెలిసిపోతుంది. దిగేవి కార్లు, యంత్రాలు, ఫోన్లు, డీజిలు. చిలీలో ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. చివరిది ఉత్తరాన అరికాలో ఉండేది, 2008లో మూసేశారు. ఎక్కేవి పండ్లు, వైను, కలప గుజ్జు, సాల్మన్ చేప. రాగి చాలావరకు ఉత్తరపు రేవుల నుంచే పోతుంది.

ఇక్కడివాళ్లు ఆపకుండా మాట్లాడేది చెర్రీ పండ్ల గురించి. చిలీ చెర్రీల్లో పదింట తొమ్మిది వంతులు చైనాకే. చైనా కొత్త సంవత్సరానికి ఎర్రటి పండు కానుకగా ఇవ్వడం అక్కడ గొప్ప. అందుకని డిసెంబరులో పండు కోసి, మధ్యలో ఎక్కడా ఆగని ఓడల మీద మూడు వారాల్లో అక్కడికి చేరుస్తారు. 2025 జనవరిలో అలాంటి ఓడ ఒకటి పసిఫిక్ మధ్యలో ఇంజను పాడై ఆగిపోయింది. వెయ్యికి పైగా కంటైనర్ల చెర్రీలు, పండగ దాటాక చేరాయి. ఆ మాట చెప్పిన లారీ డ్రైవరు మొహంలో ఇంకా ఆ బాధ ఉంది. అతని బావమరిది తోట పండు కూడా ఆ ఓడలోనే ఉందట.

రాగి ఒక్కదాన్నే నమ్ముకోకూడదని ఈ తోటలు, చేపల చెరువులు పెంచారు. మంచి పనే. కానీ కొనేవాడు మళ్లీ ఒక్కడే అయ్యాడు. చిలీకి 60కి పైగా దేశాలతో వాణిజ్య ఒప్పందాలున్నాయి. 2004లో అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్యం అమల్లోకి వచ్చింది, 2006లో చైనాతో. మనతో కూడా 2007 నుంచి పరిమితమైన ఒప్పందం ఉంది, 2017లో దాన్ని పెంచారు, 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు బోరిక్ ఢిల్లీ వచ్చి వెళ్లాక పెద్ద ఒప్పందానికి చర్చలు మొదలుపెట్టారు. ఎన్ని ఉన్నా మొత్తం ఎగుమతుల్లో 40 శాతం దాకా చైనాకే వెళ్తున్నాయి.

రాత్రి విమానంలో ఇకీకే.

బుధవారం, ఇకీకే, హంబర్‌స్టోన్

ఇకీకే సముద్రానికి, ఇసుక కొండకి మధ్య ఇరుక్కున్న ఊరు. బకెదానో వీధిలో వందేళ్లనాటి చెక్క మేడలు వరసగా ఉన్నాయి. ఈ ఎడారిలో చెట్టు లేదు, ఆ కలపంతా ఓడల్లో ఉత్తర అమెరికా నుంచి తెచ్చిందే. అంత డబ్బు ఎక్కడిదంటే నైట్రేట్ నుంచి. చిలీ సాల్ట్‌పీటర్ అని కెమిస్ట్రీలో చదువుకున్నామే, అది.

ఊరికి తూర్పున 47 కిలోమీటర్ల దూరంలో హంబర్‌స్టోన్ ఉంది. ఎడారి మధ్యలో ఊరు ఊరంతా అలాగే నిలబడి ఉంది, మనుషులు మాత్రం లేరు. బడిలో బల్లలున్నాయి. నాటకశాలలో చెక్క కుర్చీలు వరసగా ఉన్నాయి. ఇనుప రేకులు అతికి కట్టిన ఈత కొలను ఉంది, అడుగున ఇసుక. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. పక్కనే సాంతా లారా, అక్కడ రాయి ఉడకబెట్టిన ఇనుప కట్టడం తుప్పు పట్టి ఆకాశంలోకి లేచి ఉంటుంది.

కలిచే అనే ఉప్పు రాయిని పగలగొట్టి, నీళ్లలో మరిగించి, ఆ నీటిని తొట్లలో ఆరబెడితే నైట్రేట్ గడ్డకట్టేది. యూరప్ పొలాలకు ఎరువూ అదే, తుపాకీ మందూ అదే. ఇది ఉన్న నేల మొదట చిలీది కాదు. తారపకా పెరూది, ఆంతోఫగాస్తా బొలీవియాది. నైట్రేట్ కంపెనీ మీద బొలీవియా వేసిన పన్నుతో మొదలైన తగాదా 1879లో యుద్ధమైంది. చిలీ గెలిచింది. బొలీవియాకి అప్పటినుంచీ సముద్రం లేదు. తర్వాత దాదాపు నలభై ఏళ్లు నైట్రేట్ ఎగుమతి సుంకమే చిలీ ఖజానాకి సగం ఆదాయం. ఇంటి మీద, భూమి మీద పన్ను వేయాల్సిన అవసరమే పాలకులకు రాలేదు.

ఆ డబ్బు రైళ్లకి, బళ్లకి పెట్టాలని, గనులు బ్రిటిష్ వాళ్ల గుప్పిట్లోంచి రావాలని అధ్యక్షుడు బల్మసెదా పట్టుబట్టాడు. పార్లమెంటుతో గొడవ ముదిరి 1891లో అంతర్యుద్ధమైంది. ఓడిపోయి, అర్జెంటీనా రాయబార కార్యాలయంలో తలదాచుకుని, అక్కడే కాల్చుకుని చనిపోయాడు. వనరుల డబ్బు ఎవరి కోసమని అడిగిన ప్రతి తరంలోనూ ఈ దేశంలో రక్తం పారింది. అది నన్ను చాలా కలవరపెట్టింది.

హంబర్‌స్టోన్ కంపెనీ కొట్టులో అద్దాల వెనక బిళ్లలు పెట్టారు. కూలి డబ్బుల్లో కాదు, ఈ బిళ్లల్లో ఇచ్చేవారు. ఏ గని బిళ్ల ఆ గని కొట్లోనే చెల్లుతుంది, ధర వాళ్లు చెప్పిందే. బయట మార్చుకోవాలంటే కోత. 1907 డిసెంబరులో ఆ బిళ్లలు పూర్తి విలువకి మార్చాలని, కూలి పెంచాలని వేలమంది కార్మికులు పెళ్లాం బిడ్డలతో ఎడారిలోంచి ఇకీకేకి దిగి, సాంతా మరియా బడిలో తలదాచుకున్నారు. డిసెంబరు 21న సైన్యం మెషీన్ గన్లతో కాల్చింది. చనిపోయింది వందల్లో అని కొందరు, రెండు వేలకు పైనే అని కొందరు. శవాల లెక్క కూడా సరిగ్గా రాయలేదు. నేను ఆ బిళ్లల ముందు చాలాసేపు ఉండిపోయాను.

ఈ ఊరిని చంపింది యుద్ధం కాదు, సమ్మె కాదు. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నత్రజనితో అమోనియా చేసి చూపించాడు. 1913లో ఓపావులో ఫ్యాక్టరీ మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చిలీ నైట్రేట్ జర్మనీకి అందకుండా బ్రిటన్ సముద్రాన్ని అడ్డగిస్తే జర్మనీ ఆ దారిలోనే బతికింది. యుద్ధమయ్యాక ఎరువుల ఫ్యాక్టరీలు ప్రపంచమంతా లేచాయి. మన పొలాలకు పోసే యూరియా కూడా ఆ హేబర్ అమోనియాతో చేసిందే. దాని మీద 1929 సంక్షోభం వచ్చి పడింది. ప్రపంచంలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న దేశం చిలీయేనని అప్పటి నానాజాతి సమితి తేల్చింది. ఎగుమతులు ఐదో వంతుకి పడిపోయాయి. హంబర్‌స్టోన్ ఈడ్చుకుంటూ 1960 దాకా నడిచి ఆగిపోయింది.

నిపుణులు కూర్చుని రాగి ధర అంచనా వేసే ఆ నియమం వెనక ఏముందో ఇక్కడ కుర్చీలు చూస్తే అర్థమవుతుంది. తమ సరుకు ఎవరికీ అక్కర్లేని రోజు వస్తుందని వీళ్లు పుస్తకంలో చదవలేదు, వాళ్ల తాతలు అందులోంచే సామాన్లు సర్దుకుని వచ్చారు.

గురువారం, దారిలో

ఇకీకే నుంచి కలామాకి బస్సులో ఆరేడు గంటలు. ఇకీకే 1975 నుంచి సుంకాలు లేని వ్యాపార ప్రాంతం. జపాన్ పాత కార్లు, చైనా బట్టలు ఇక్కడ దిగి బొలీవియా, పరాగ్వేలకు పోతాయి. సింధీ వ్యాపారుల దుకాణాలు కూడా ఉన్నాయి. ఒకాయన నన్ను చూసి హిందీలో పలకరించి టీ ఇచ్చి పంపాడు. ఆ ప్రాంతం దాటేటప్పుడు కియ్యాగువా దగ్గర కస్టమ్స్ వాళ్లు బస్సు ఆపి అందరి సామాన్లూ చూశారు. ప్రపంచంలో అతి తక్కువ వాన పడే చోట్లలో ఆ ఊరొకటి. తర్వాత కలామా దాకా మట్టి రంగు తప్ప ఇంకో రంగు కనపడలేదు.

శుక్రవారం, చుకికమాతా

గని చూడటానికి కోడెల్కో దగ్గర ముందే పేరు నమోదు చేసుకోవాలి. హెల్మెట్, కళ్లద్దాలు, మెరిసే చొక్కా ఇచ్చి బస్సెక్కించారు. కలామా సముద్ర మట్టానికి 2,260 మీటర్ల ఎత్తు, గని ఇంకో ఆరు వందల మీటర్లు పైన. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

మొదట చూపించింది గని కాదు, ఊరు. 1915లో అమెరికా కంపెనీ గని తెరిచినప్పుడు కట్టిన చుకికమాతా ఊళ్లో ఇప్పుడెవరూ లేరు. దుమ్ము, పొగ, పెరిగిపోతున్న రాతి దిబ్బల వల్ల ఇక్కడ మనుషులు ఉండకూడదని తేల్చి, 2008 నాటికి అందర్నీ కలామాకి తరలించారు. లాటిన్ అమెరికాలోనే పేరున్న ఆసుపత్రి ఒకటి ఇక్కడుండేది. ఇప్పుడది రాతి దిబ్బ కింద ఉంది. మా గైడు ఆ ఊళ్లోనే పుట్టిందట. చౌకు దగ్గర మూసిన సినిమా హాలు చూపించి, "మా అమ్మానాన్నలు కలుసుకుంది ఇక్కడే" అంది. బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత గొయ్యి. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పు, లోతు దాదాపు 900 మీటర్లు. అంచుల వెంట మెట్లు మెట్లుగా రోడ్లు. మనిషికి రెండింతల ఎత్తు టైర్లున్న లారీలు మూడొందల టన్నులకు పైగా రాయి ఎత్తుకుని పైకి వస్తాయి. ఇక్కడి రాయిలో రాగి ఒక శాతం కూడా లేదు. ఒక టన్ను రాగి కావాలంటే వంద టన్నులకు మించి రాయి పగలగొట్టాలి, దానిపైన ఉన్న పనికిరాని రాయి వేరే. పైనుంచి తవ్వడం ఇక గిట్టుబాటు కాక, గొయ్యి అడుగు కింద సొరంగాలు వేసి 2019లో భూగర్భ గని మొదలుపెట్టారు. దానికే 500 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. పాత గనులను బతికించడానికి చేసిన అప్పుతో కోడెల్కో బాకీ 2,000 కోట్ల డాలర్లు దాటింది. లాభం ఏళ్ల తరబడి ఖజానాకి పోయి, గని బాగుచేసుకోవడానికి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. మన ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

భూగర్భం అంటే ప్రమాదం కూడా. 2025 జులై 31న శాంతియాగోకి దక్షిణాన ఎల్ తెనియెంతే గనిలో భూమి కంపించి సొరంగాలు కూలి ఆరుగురు చనిపోయారు. గైడు ఆ పేర్లు గుర్తుచేసుకుని శిలువ గుర్తు వేసుకుంది.

రాయిని పిండి చేసి, నురగలో తేల్చి తీస్తే నల్లటి పొడి వస్తుంది. అదే కాన్సెంట్రేట్, అందులో రాగి 30 శాతం లోపే. దాన్ని కరిగించి, విద్యుత్తుతో శుద్ధి చేస్తే 99.99 శాతం రాగి పలకలు. వాటిని కాథోడ్ అంటారు. ఇప్పుడు చిలీ రాగిలో సగానికి పైగా కరిగించకుండా పొడిగానే అమ్ముడవుతోంది. కరిగించేది చైనా. ప్రపంచంలో రాగి కరిగించే పనిలో సగం వరకూ అక్కడే జరుగుతోంది. చిలీ కొలుములు పాతవి. చుకికమాతా రాయిలో ఆర్సెనిక్ అనే విష పదార్థం ఎక్కువ. పొగలోని గంధకం, ఆర్సెనిక్ 95 శాతం పట్టి ఉంచాలన్న కొత్త నిబంధన వచ్చాక ఇక్కడి కొలిమిని 2018 చివర్లో ఆపి చాలా ఖర్చుతో మార్చాల్సి వచ్చింది. వల్పరైసో దగ్గరి వెంటానాస్ కొలిమిని 2023లో మూసేశారు. దాని పొగకి బడిపిల్లలు మాటిమాటికీ వాంతులతో ఆసుపత్రి పాలయ్యేవారు. మూయడం న్యాయమే. కానీ కొత్తది కట్టకపోతే వందేళ్ల అనుభవమున్న దేశం రాతి పొడి అమ్ముకునే దగ్గర ఆగిపోతుంది. పొదుపు చేయడం నేర్చిన దేశం, తవ్విన తర్వాతి పని మాత్రం ఏడాదికేడాది వదులుకుంటోంది. చిలీలో నాకు నచ్చనిది ఇదొక్కటే.

కలామా జనానికి ఇంకో కోపం ఉంది. రాగి ఆదాయంలో 5 శాతం తమ ఊరికే ఇవ్వాలని 2009 నుంచి కొన్నేళ్లు రోడ్లు దిగ్బంధించారు. ఆ ఊరి రోడ్లు, మురికి కాలవలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. 2024 నుంచి కొత్త రాయల్టీ చట్టం అమల్లోకి వచ్చింది. ఏటా 50,000 టన్నులకు పైన తీసే కంపెనీలు అమ్మకాల మీద 1 శాతం, దానితోపాటు లాభం పెరిగేకొద్దీ పెరిగే పన్ను కట్టాలి. అందులో 45 కోట్ల డాలర్ల దాకా ప్రాంతాలకి, మున్సిపాలిటీలకి వెళ్తుంది. మంగంపేట గుర్తొచ్చి ఈ వివరాలు మరీ మరీ అడిగి రాసుకున్నాను.

శనివారం, అతకామా ఉప్పు మైదానం

శాన్ పెద్రోలో పర్యాటకులు ఎక్కువ, ధరలూ ఎక్కువ. అక్కడ ఆగకుండా తొకొనావో ఊరి మీదుగా చాక్సా మడుగుకి వెళ్లాం. ఉప్పు పెళ్లల మధ్య లోతు లేని నీళ్లలో ఫ్లెమింగోలు తలకిందులుగా మేస్తున్నాయి. ఆ వెనక, కనుచూపు మేరకి అవతల, లిథియం తొట్లు.

ఉప్పు కింద ఉన్న చిక్కటి నీటిని తోడి తొట్లలో ఎండబెడతారు. ఏడాది పైనే పడుతుంది. మిగిలిన దాంట్లోంచి లిథియం తీస్తారు. నీళ్లు గాలిలో కలిసిపోతాయి, వానేమో పడదు. మడుగులు ఇంకిపోతాయని ఇక్కడి అతకామెన్యో ఆదివాసీ ఊళ్లవాళ్ల భయం. 1979 నుంచీ చిలీలో లిథియం వ్యూహాత్మక ఖనిజం. మామూలు గనిలాగా ఎవరికీ హక్కు ఇవ్వరు, ప్రభుత్వ సంస్థ కోర్ఫో లీజుకిస్తుంది. ఎస్‌క్యూఎం, అల్బెమార్ల్ అనే రెండు కంపెనీలు తీస్తున్నాయి. అల్బెమార్ల్ 2016 ఒప్పందం ప్రకారం అమ్మకాల్లో 3.5 శాతం ఇక్కడి ఊళ్లకిస్తుంది. 2024లో కోడెల్కో, ఎస్‌క్యూఎంతో కలిసి పనిచేసేందుకు ఒప్పందం చేసుకుంది.

2022 చివర్లో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ 80,000 డాలర్ల దాకా వెళ్లింది. రెండేళ్లలో 10,000 దగ్గరికి పడింది. మడుగు దగ్గర టికెట్లిచ్చే ఆవిడ ఆ ఊరామే. ధర పెరిగినప్పుడు జీపులేసుకుని వచ్చినవాళ్లు ఇప్పుడు రావట్లేదని, తమకు మాత్రం నీళ్లు ధరతో పాటు పెరగవు, తగ్గవు అని చెప్పింది.

ఆదివారం, ఆంతోఫగాస్తా

ఈ ఊరి తలసరి ఆదాయం దేశంలోనే పైన ఉంటుంది. కొండ వాలు మీద రేకులు, చెక్కలతో కట్టుకున్న గుడిసెలూ ఇక్కడే ఉన్నాయి. బొలీవియా, కొలంబియా, వెనిజులా నుంచి పనికొచ్చినవాళ్లవి ఎక్కువ. గనుల్లో పెద్ద జీతాలు తీసుకునేవాళ్లు చాలామంది ఈ ఊళ్లో ఉండరు. ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు. విమానంలో వచ్చి, విమానంలో పోతారు. జీతం దక్షిణాన ఖర్చవుతుంది, అద్దె ఇక్కడ పెరుగుతుంది.

నీటి కథ ఇంకా దారుణం. పెరిగిన జనానికి నీళ్లు చాలక 1958లో కొండల మీది తొకొన్సే ఏటి నీళ్లు తెచ్చారు. ఆ నీళ్లలో ఇప్పటి పరిమితికి ఎనభై రెట్లు ఆర్సెనిక్ ఉంది. 1970లో శుద్ధి కేంద్రం వచ్చేదాకా ఊరంతా అదే తాగింది. పసిపిల్లలుగా తాగినవాళ్లకి నడివయసులో ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లు వచ్చాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన నల్లగొండ మనుషుల్ని చూసినవాణ్ణి, నాకు ఇది మనసుకి గట్టిగా తగిలింది. ఇప్పుడు ఊరికి ఎక్కువగా సముద్రపు నీటినే శుద్ధి చేసి ఇస్తున్నారు.

ఊరికి దక్షిణాన కొలోసో. చేపల పడవల పక్కనే ఎస్కొందీదా గని రేవు. ప్రపంచంలో ఎక్కువ రాగి తీసే గని అది, ఏడాదికి పది లక్షల టన్నులకు పైనే. బీహెచ్‌పీకి 57.5 శాతం, రియో టింటోకి 30, మిగతాది జపాన్ కంపెనీలది. కొండ మీదినుంచి కాన్సెంట్రేట్ నీళ్లలో కలిసి గొట్టంలో ఇక్కడికి దిగుతుంది. ఇక్కడ ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు ఇంకో గొట్టంలో మూడు వేల మీటర్ల ఎత్తుకి ఎక్కుతాయి.

హోటల్లో నా పక్క టేబుల్ ఆయన ఆ గనిలోనే మెకానిక్కు, ఊరు కొన్సెప్సియోన్ దగ్గర. 2017లో అక్కడ నెలన్నర సమ్మె జరిగినప్పుడు ఉన్నాడు. వచ్చీరాని స్పానిష్, ఫోన్‌లో అనువాదంతో చాలాసేపు మాట్లాడుకున్నాం. రాగి పలకలు తీసుకెళ్లే రైళ్లని ఎడారిలో దొంగలు దోచుకుంటున్నారని చెప్పాడు. మా దగ్గర పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోతారని, రైతులు బోరు ఆడక పంట ఎండబెట్టుకుంటారని చెప్పాను. రేటు పెరిగితే అక్కడా దొంగతనాలు పెరుగుతాయా అన్నాడు. పెరుగుతాయి అన్నాను.

ఈ పొడి ఇండియాలో ఎవరు కరిగిస్తారని అడిగాడు. గుజరాత్‌లో దహేజ్, ఇప్పుడు ముంద్రాలో ఏడాదికి ఐదు లక్షల టన్నుల కొత్త ఫ్యాక్టరీ అన్నాను. తూత్తుకుడి రాగి ఫ్యాక్టరీ గురించి కూడా చెప్పాను. 2018లో కాలుష్యం మీద జనం రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో పదమూడు మంది పోయారని, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక రాగి అమ్మే మనం కొనే దేశమయ్యామని. ఆయనకి వెంటానాస్ తెలుసు, అక్కడ బంధువులున్నారు. కొలిమి చిలీలోనే ఉండాలంటాడు. కానీ ఊళ్లకి దూరంగా, ఈ ఎడారిలో, పొగ పట్టే యంత్రాలన్నీ పెట్టాకే. ఖర్చెక్కువ కదా అంటే, రాగి రేటు ఇంతున్నప్పుడు కట్టకపోతే ఇంకెప్పుడు కడతారన్నాడు. ఆయన షిఫ్టు బస్సు తెల్లవారుజామున. నాకు మధ్యాహ్నం శాంతియాగో విమానం. నంబర్లు రాసుకుని విడిపోయాం. వెంటానాస్ వాళ్ల బంధువు ఒకాయన కొలిమిలో ముప్పై ఏళ్లు చేశాడట, ఆయనతో మాట్లాడిస్తానన్నాడు.